వద్దన్న తర్వాత

మిర్వా సీసాను సింకులోకి వంచింది. లేత గులాబి రంగు పానీయం చిక్కగా, తొందర లేకుండా జారి, తూము మీది జల్లెడ దగ్గర కాసేపు నిలిచి, లోపలికి పోయింది. మిర్వా సీసా కడిగి ఒక డబ్బాలో, రేకుమూత చిదిమి ఇంకో డబ్బాలో వేసింది. ఆ చేతుల్లో విసుగు లేదు, బాధా లేదు.

"ఎవరిది?" అంది గుమ్మంలో నిలబడ్డ హన్నెలె. ఈ వృద్ధుల ఇంట్లో పై అంతస్తుకి ఆమె పెద్ద నర్సు.

"సైమిది. ఇంకెవరిది?"

"ఒక్క గుక్కైనా తాగలేదా?"

"మూత తీశాను, గొట్టం పెట్టాను, 'తాగుతావా సైమీ' అన్నాను. 'వద్దమ్మా, ఇంకెవరికైనా ఇవ్వు' అంది. మూత తీసినదాన్ని ఇంకెవరికి ఇస్తాను?" మిర్వా తువ్వాలుతో చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి, సైమి పేరు పక్కన 'వద్దంది' అన్న గుర్తు మీద వేలు ఆనించింది. "వద్దంటే వద్దే కదా. నువ్వే నేర్పావు."

అది నిజమే. ఒంటికి బలమిచ్చే ఈ పానీయం సీసా పెట్టేటప్పుడు ఒక్కసారే అడగాలని, వచ్చిన జవాబుని గౌరవించాలని హన్నెలె తన మనుషులకి మొదట్లోనే చెప్పింది. ఇల్లూ పొయ్యీ తాళంచెవీ అన్నీ పోయిన మనిషికి చివరికి మిగిలేది 'వద్దు' అనే మాట ఒక్కటే, దాన్ని కూడా బతిమాలి, బుజ్జగించి లాగేసుకోకూడదు అన్నది ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీద ఆమెకి కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ మధ్యాహ్నం డాక్టరు సైమి కుడి మడమ కట్టు విప్పి చూశాడు. శీతాకాలంలో తుంటి విరిగి పడుకున్నప్పుడు మొదలైన పుండు. అంచులు శుభ్రంగానే ఉన్నాయి. మధ్యలో గుంట మాత్రం ఉన్నచోటే ఉంది.

"మందులో లోపం లేదు," అన్నాడు డాక్టరు వరండాలోకి వచ్చాక, గొంతు తగ్గించి. "పూడటానికి ఒంట్లో సరుకు లేదు. ఆమె బరువు చూశావా? ఆ సీసాలు తాగితే వేసవికి ఇంటికి వెళ్తుంది. తాగకపోతే పుండు ఎముక దాకా పోతుంది. అప్పుడు పెద్దాసుపత్రి. ఆ వయసులో కాలు తీశాక ఎవరూ సరస్సు దాటి ఇంటికి వెళ్లరు."

హన్నెలె తలూపింది. ఆమె తన గదిలోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. జిల్లా సంక్షేమ కార్యాలయంలో ఖర్చులు చూసే కిమ్మో.

"మీ సింకు బాగా బలిసి ఉంటుంది ఈపాటికి," అన్నాడతను.

"చెప్పు."

"నీ అంతస్తులో సగానికి పైగా సార్లు వద్దంటున్నవాళ్లు ఐదుగురు. శుక్రవారం నుంచి వాళ్ల సీసాలు ఆపేస్తున్నాను. కోపం తెచ్చుకోకు. పారబోసేదానికి డబ్బు పోతుంటే, తాగేవాళ్లకి రోజుకి రెండోది ఇవ్వలేకపోతున్నాను. కింది అంతస్తులో ఒకాయన రెండోది కావాలని అడుగుతున్నాడు. ఆయనకి ఏం చెప్పను?"

అతని మాటలో తప్పు ఎక్కడుందో హన్నెలెకి దొరకలేదు. "సైమి సీసా ఆపడానికి వీల్లేదు," అంది.

"అయితే తాగించు. శుక్రవారం దాకా నీ ఇష్టం."

మంగళవారం ఆమె సీసాని చల్లపెట్టి చూసింది, వెచ్చబెట్టి చూసింది. స్ట్రాబెర్రీ బదులు వెనిలా తెప్పించింది. గొట్టం తీసేసి గాజు గ్లాసులో పోసి మంచం పక్కన నిలబడి అడిగింది. సైమి దుప్పటి మీద చేతులు చాపుకుని, గ్లాసు వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగేది. "వద్దమ్మాయ్. నాకెందుకు అంత మంచి సరుకు? ఇంకెవరికైనా ఇవ్వు." ప్రతిసారీ అదే మాట, అదే నెమ్మది. హన్నెలె ప్రతిసారీ "సరే" అనేది. ఆ సరేలో ఒక మర్యాద ఉంది, తలుపు దగ్గరగా వేసినంత నెమ్మదైన మర్యాద.

సాయంత్రం నడిచి ఇంటికి వెళ్తూ ఆమె ఆలోచించింది. కాలిబాట మీద మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, చలికాలమంతా చల్లిన కంకర పైకి తేలింది. బతకడం చాలించుకోవాలనుకున్న మనిషి ఆ సంగతి పైకి చెప్పడు. ఒక్కో గుక్కనీ వెనక్కి పంపుతాడు. ఇంకెవరికైనా ఇవ్వమనడం అంటే ఈ లోకంలో తన వంతు వదులుకోవడమే. కిటికీ వైపు తిరగడం కూడా అందులో భాగమే. ఆలోచన పూర్తయ్యేసరికి ఎక్కడా అతుకు కనిపించలేదు. అది ఎంత చక్కగా కుదిరిందో చూసి ఆమెకి ఒక చిన్న తృప్తి కూడా కలిగింది. వంటగదిలో కిటికీ దగ్గర నిలబడే రై గింజల నల్ల రొట్టె ముక్క మీద వెన్న రాసుకు తింది. ఆ ఇంట్లో రెండో కుర్చీ మీద ఎప్పుడూ ఉతికిన బట్టలుంటాయి.

బుధవారం పొద్దున కట్టు మారుస్తూ ఆమె అడిగేసింది. ఉప్పునీటితో తడిపిన గాజుగుడ్డతో గుంట అంచు చుట్టూ అద్దుతూ, తల ఎత్తకుండా, "సైమి గారూ, ఒకటి అడగనా? మీకు ఇక చాలనిపిస్తోందా?"

"ఏం చాలు?"

"బతుకు."

హన్నెలె తలెత్తి చూస్తే, ఆ ముసలామె తన వైపే చూస్తోంది, దారి తప్పి ఇంకెవరి పెరట్లోకో వచ్చిన ఆవుని చూసినట్టు.

"బంగాళాదుంపలు మొలకెత్తించాలి," అంది సైమి. "మంచు పోగానే నాటాలి. విల్యో నాటుతానంటాడు గానీ వాడు వరస వంకరగా వేస్తాడు. చాలనిపించడానికి తీరికెక్కడిది అమ్మాయ్?"

"మరి ఆ సీసా ఎందుకు తాగరు?"

"పెడితే తాగనా?"

"రోజూ పెడుతున్నాం కదా."

"అలాగా," అంది సైమి, గొడవెందుకన్నట్టు, కళ్లు మూసుకుంది.

మరుపు మొదలైంది కాబోలు అనుకుంది హన్నెలె. ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పాలి.

మధ్యాహ్నం విల్యో వచ్చాడు. సైమికి సరస్సు అవతలి పల్లెలో పొరుగువాడు. ఒక కాలు చెక్క మీద పెట్టి ఇంకో కాలితో తన్నుకుంటూ నడిపే మంచుబండి మీద, గడ్డకట్టిన సరస్సు దాటి నేరుగా వస్తాడు. రోడ్డు మీద రావాలంటే సరస్సంతా చుట్టాలి. ఆయనకి కారు లేదు. బూట్లు గుమ్మంలో విప్పి, ఉన్ని మేజోళ్లతో గదిలోకి వచ్చి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. సంచిలోంచి ఫ్లాస్కు, రెండు కప్పులు, గుడ్డలో చుట్టిన పెద్ద గుండ్రటి రొట్టె తీశాడు. లోపల చిన్న చేపలు, పంది కొవ్వు పొదిగి రాత్రంతా పొయ్యిలో ఉంచిన రై రొట్టె.

"మంచు మీద ఇదే ఆఖరి రాక," అన్నాడు. "ఒడ్డున నీళ్లు ఊరుతున్నాయి. ఇక పడవ దించేదాకా నా మొహం కనపడదు. సంతోషించు."

"సంతోషమే. కాస్త నిద్రైనా పడుతుంది."

హన్నెలె మందుల బల్ల తోసుకుంటూ అప్పుడే లోపలికి వచ్చింది. వాళ్లని కదిలించడం ఎందుకని గోడ పక్కన నిలబడి, కట్టుగుడ్డలు సర్దుతూ ఉండిపోయింది.

"కాఫీ తాగుతావా?" అన్నాడు విల్యో.

"వద్దులే. ఇప్పుడే తాగాను."

ఆమె తాగలేదు. హన్నెలెకి ఆ సంగతి తెలుసు. విల్యో విననట్టే కప్పుని చొక్కా అంచుతో తుడిచాడు. "నీ కొట్టం కప్పు మీద మంచు దింపేశాను. ఒక రేకు లేచింది, మేకు కొట్టాను."

"వంకరగా కొట్టుంటావు."

"వంకరగానే కొట్టాను. కొంచెం తాగు, చల్లారిపోతుంది."

"నాకెందుకు? అంత దూరం మోసుకొచ్చావు, నువ్వు తాగు."

"మోసుకొచ్చింది మళ్లీ మోసుకెళ్లమంటావా? దారిలో సరస్సులో పోసేస్తాను. చేపలకి నిద్ర పట్టక నిన్ను తిట్టుకుంటాయి."

"సరే, అయితే సగం."

ఆయన నిండా పోశాడు. సైమి ఆ నిండు కప్పుని రెండు చేతులతో పట్టుకుని తాగింది. రొట్టె ముక్క కూడా అలాగే వద్దంది, పళ్లు లేవంది, ఆయన పైపెచ్చు కోసేసి లోపలి మెత్తని చేపముక్క వేలితో తీసి సాసరులో పెట్టాక తింది. ఇంకో ముక్క తింది. సాసరు అంచున అంటుకున్న కొవ్వుని రొట్టె తునకతో తుడుచుకు తింది.

హన్నెలె చేతిలో కట్టుగుడ్డ చుట్ట విడిపోయింది. దాన్ని మళ్లీ చుట్టాలని ఆమెకి తోచలేదు.

విల్యో ఆమె వైపు తిరిగాడు. "నర్సమ్మా, మీకూ పొయ్యనా?"

"వద్దండీ, థాంక్స్."

ఆయన మర్యాదగా తలూపి, ఫ్లాస్కు మూత బిగించాడు. రెండో కప్పుని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశాడు.

పొద్దుటి నుంచి ఆమె కాఫీ తాగలేదు. గది నిండా ఆ వాసన ఉంది. ఎప్పుడూ వచ్చే మాట అలవాటుగా నోటి నుంచి వచ్చింది. అది వచ్చాక, తనకే తెలియకుండా, దాని తర్వాత వచ్చేదాని కోసం ఒక్క క్షణం ఆగింది. ఏమీ రాలేదు. విల్యో సంచి తాడు ముడివేస్తున్నాడు.

"ఆవిడది దక్షిణ తీరం," అన్నాడు సైమితో, పొగడ్తలాగే. "వాళ్లు వద్దంటే వద్దే. మనలా కాదు. మళ్లీ అడిగి విసిగించకూడదు."

"అవును పాపం," అంది సైమి.

హన్నెలె బల్ల తోసుకుంటూ వరండాలోకి వచ్చి, కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆమెకి గౌరవం దక్కింది. కాఫీ దక్కలేదు. గొంతులో ఆ ఆశ ఇంకా అలాగే ఉంది, చిన్నపిల్లల ఆశలా, నవ్వు పుట్టించేంత స్పష్టంగా. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా ఎవరింటికి వెళ్లినా ఒకసారి వద్దని కూర్చుంది. వాళ్లు అడగడం మానేశారు. ఇక్కడి వాళ్లు బిగుసుకుని ఉంటారని ఆమె అనుకుంది.

కిందికి చూస్తే విల్యో మంచుబండి సరస్సు మీద చిన్నదవుతోంది. పడవ దించేదాకా ఇక సైమిని మూడోసారి అడిగేవాళ్లు ఎవరూ లేరు.

తన గదిలోకి వెళ్లి ఆ ఐదుగురి పేర్లూ ఒకసారి నోట్లోనే అనుకుంది. ఐదుగురూ అవతలి ఒడ్డు పల్లెల వాళ్లే, చిన్న పొలాల వాళ్లే. తాగుతున్నవాళ్లలో ఒకాయన ఓడ కెప్టెను, ఒకావిడ రాజధానిలో పంతులమ్మ. ఇచ్చిన వెంటనే పుచ్చుకోవడం తప్పు కాదని ఎక్కడో నేర్చుకున్నవాళ్లు. మొహమాటం నేర్చుకున్నవాళ్ల సీసా సింకులోకి వెళ్తోంది.

గురువారం ఆమె తొందరపడింది. వెనిలా సీసా తీసుకుని సైమి మంచం పక్కన నిలబడి, "తాగుతారా?" అంది. వద్దంది సైమి. "కొంచెం?" వద్దంది. "ఒక్క గుక్క?"

సైమి తల దిండు మీద వెనక్కి జరిగింది. "ఏమిటమ్మాయ్, పోలీసుల్లాగా? నేనేం దొంగిలించాను?"

హన్నెలె మొహం వేడెక్కింది. సీసా పట్టుకుని వంటగదికి వచ్చింది. మిర్వా కాఫీ పళ్లాలు కడుగుతోంది.

"మీ ఇంట్లో వద్దన్నవాళ్లకి మళ్లీ పెట్టేవారా?" అంది హన్నెలె.

మిర్వా నవ్వింది. "మా అమ్మమ్మ ఇంట్లో వద్దు అన్నది జవాబే కాదు. కుర్చీ లాక్కుని కూర్చునే చప్పుడు లాంటిది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

మిర్వా పళ్లెం నీళ్లలోంచి తీసి, ఆరబెట్టి, అప్పుడు చెప్పింది. "ఒక్కసారే అడగమన్నావు. హాయిగా ఉంది. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని వాళ్ల కొట్టాల గురించీ ఆవుల గురించీ వినక్కర్లేదు. తొందరగా అయిపోతుంది. నేనూ సుఖపడ్డాను, అబద్ధం ఎందుకు?"

ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, అనుకుంది హన్నెలె. తనకి తన నమ్మకం మిగిలింది, మిర్వాకి టైము మిగిలింది, కిమ్మోకి రేపటి నుంచి డబ్బు మిగులుతుంది. సైమి మడమలో గుంట మిగిలింది. ఆమె సీసా కింద పెట్టి, కిమ్మోకి ఫోను చేసింది.

"ఐదుగురి సీసాలూ ఆపొద్దు," అంది.

"తాగారా?"

"లేదు. తాగుతారు. నేను అడిగించిన పద్ధతి తప్పు. ఇక్కడ మూడోసారి అడిగాక గానీ జవాబు రాదు. మేము మొదటిసారికే గుర్తు పెట్టేశాం. ఆ వద్దులు చెల్లవు. ప్రశ్న పూర్తి కాకుండానే రాసుకున్నవి."

"మా అత్తగారింట్లో నేను మొదటిసారే అవునన్నాను," అన్నాడు కిమ్మో. "పెళ్లై ఇన్నేళ్లైనా పండగకి పండగకి చెప్పుకుంటారు. సరే, నువ్వు చెప్పేది అర్థమైంది. కానీ హన్నెలె, ఒక్కొక్కర్ని మూడుసార్లు అడగాలంటే ఎంతసేపు? సీసా చవక. మీ మనిషి నిమిషాలు ఖరీదు. సీసా నిలబెడతాను, నిమిషాలు ఎక్కడ తేను?"

"నిమిషాలు అడగడం లేదు. రెండు గంటలకి కాఫీకి అందరూ హాల్లో కూర్చుంటారు. ఇప్పుడు మా వాళ్లు పోసేసి వెళ్లిపోయి వంటగదిలో నిలబడి తాగుతారు. ఇక నుంచి వాళ్లతోపాటే కూర్చుంటారు. సీసాలు కప్పుల్లో పోసి అక్కడే పెడతాం."

"అంతేనా?"

"ఇంకోటి. సైమి మడమ ఎముక దాకా పోతే ఆ మంచం, ఆ ఆపరేషను ఎవరి ఖర్చు?"

"ఆసుపత్రి ఖర్చు. నా పద్దు కాదు."

"నీ పద్దులో మిగిలింది పక్క పద్దులో పోతుంది. కాలు మాత్రం ఆవిడదే."

"ఒక నెల," అన్నాడు కిమ్మో. "నెల తర్వాత వాళ్ల తూకం చూస్తాను. నీ మాటలు కాదు."

"తూకమే చూడు," అంది హన్నెలె.

శుక్రవారం రెండు గంటలకి హాల్లో పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచారు. మిర్వా గాజు తలుపుల బీరువాలోంచి అంచుకి నీలి గీత ఉన్న కప్పులూ సాసర్లూ దించింది. పండగలకే వాడతారు వాటిని. యాలకుల బన్నులు కోసి వెన్న రాశారు. సీసాలు వంటగదిలోనే కప్పుల్లోకి వంచారు. బల్ల మీద సీసా కనపడలేదు, గొట్టం కనపడలేదు.

హన్నెలె తెల్లకోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించి, సైమి చక్రాల కుర్చీ పక్కన కూర్చుంది. ఎదురుగా ఉర్హో ఉన్నాడు, ఆ ఐదుగురిలో ఒకడు, పాత కలప పనివాడు. మిర్వా ఆయన్ని మొదటిసారి అడిగింది, వద్దన్నాడు. వాతావరణం మాట్లాడి రెండోసారి అడిగింది, వద్దన్నాడు. మూడోసారి ఆయన కప్పుని బల్ల మధ్యకి తోసేశాడు. "గంజిలా ఉంటుంది అది. మా పందికి కూడా పెట్టను." మిర్వా కప్పు తీసేసి ఆయనకి ఇంకో బన్ను వేసింది. ఇది నిజంగా వద్దే, అనుకుంది హన్నెలె. తేడా ఇంత తేలిగ్గా తెలుస్తుందని తెలియనందుకు సిగ్గు, తెలిసినందుకు ఊరట, రెండూ ఒకేసారి కలిగాయి.

ఆమె వెనిలా కప్పుని సైమి ముందుకి జరిపింది. "కొంచెం తీసుకోండి."

"వద్దమ్మాయ్. ఇంకెవరికైనా ఇవ్వు."

సరే అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. హన్నెలె దాన్ని అక్కడే ఆపింది. ఎదుటి మనిషి మాటని విననట్టు ఉండటం ఆమెకి దాదాపు ఒంటినొప్పిలా ఉంది. చేతికి పని కావాలి. సాసరు మీద చెంచా సర్దింది. "బంగాళాదుంపలు వెలుతురులో పరచాలా, చీకట్లోనా?"

"వెలుతురులో," అంది సైమి వెంటనే. "గుడ్ల అట్టల్లో నిలబెట్టి, కళ్లు పైకి ఉండేట్టు. విల్యో గోనెసంచిలోనే ఉంచేస్తాడు."

"ఈసారి ఇక్కడే కిటికీలో పెడదాం. నేను అట్టలు తెస్తాను. ఇది చల్లారకముందే కొంచెం పుచ్చుకోండి."

అది వేడిగా లేదు. సైమికీ ఆ సంగతి తెలుసు. ఆమె కప్పు వైపు చూసి, తర్వాత హన్నెలె మొహం వైపు చూసింది, కొత్త మనిషిని చూసినట్టు. "నాకెందుకమ్మాయ్ ఇంత మంచి కప్పులో," అంది. గొంతు మెత్తబడింది.

"ఎన్ని అట్టలు కావాలి?"

"నాలుగుంటే చాలు. పెద్దవి."

"నాలుగు తెస్తాను. పోసేశాను సైమి గారూ, ఇక వెనక్కి పొయ్యలేను. మీ కోసమే."

సైమి నిట్టూర్చింది, బరువైన పని నెత్తిన పడ్డట్టు. "సరే. అయితే సగం."

కప్పు నిండా ఉంది. సైమి రెండు చేతులతో ఎత్తి, పెదవి ఆనించి, నెమ్మదిగా తాగింది. ఆగి, బన్ను ముంచుకు తింది, మళ్లీ తాగింది. హన్నెలె చూడకుండా ఉండటానికి కిటికీ వైపు తిరిగింది. సరస్సు ఒడ్డున మంచు బూడిద రంగుకి తిరిగి, దానికీ నేలకీ మధ్య నల్లటి నీటి గీత వెడల్పవుతోంది.

కప్పు సాసరులో దిగిన చప్పుడు వినిపించింది. అది ఖాళీ కప్పు చప్పుడు.

"నీ కాఫీ ఏది?" అంది సైమి. బల్ల మీది కెటిల్‌ని రెండు చేతులతో తన వైపు లాక్కుంది. "పొయ్యనా?"

"వద్దండీ," అంది హన్నెలె.

సైమి ఆమె వైపు చూసింది. విల్యో చెప్పిన మాట ఆమెకి గుర్తుండే ఉంటుంది. చేతులు కెటిల్ పిడి మీదే ఉన్నాయి. "ఆ అట్టలు తెచ్చేటప్పుడు తడివి తేకు, కుళ్లిపోతాయి," అంది. ఒక్క క్షణం ఆగింది. "ఒక్క కప్పు పొయ్యనా? పొద్దుటి నుంచి తిరుగుతున్నావు."

హన్నెలెకి అవును అనాలనుంది. "అబ్బే, ఎందుకండీ మీకు శ్రమ," అంది. ఆ మాట తన నోట్లో ఎలా ఉంటుందో ఆమెకి ఇంతవరకూ తెలియదు.

చేతులు ఒడిలో పెట్టుకుని, ఎదురుచూసింది.

సైమి నీలి గీత కప్పు ఒకటి దగ్గరికి లాక్కుని, పండగ బల్లగుడ్డ సర్దినంత జాగ్రత్తగా దాని కింద సాసరు సర్ది, రెండు చేతులతో కెటిల్ ఎత్తింది.